పిప్‌లో పెట్టారా? రాజీనామా చేసేలోపు చేయాల్సిన పనులు

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మేనేజర్ నుంచి అరగంట మీటింగ్ ఇన్వైట్ వస్తుంది. దేని గురించో అందులో ఉండదు. గదిలోకి వెళ్తే మేనేజర్ పక్కన హెచ్‌ఆర్ కూర్చుని ఉంటారు. నాకు అలాగే జరిగింది, గచ్చిబౌలిలో, ఆ కంపెనీలో చేరిన తొమ్మిదో ఏట. ఐదు నెలల ముందు అప్రైజల్‌లో మంచి రేటింగ్ ఇచ్చిన మేనేజరే "మీ పనితీరు ఆశించినట్టు లేదు, 30 రోజుల పర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్‌లో పెడుతున్నాం" అన్నారు. మన ఆఫీసుల్లో దాన్నే పిప్ అంటాం. నా చేతులు వణికాయి. ఆ రోజు ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండా ఇంటికి రావడం మాత్రం మంచిదైంది.

ఆ తర్వాత పిప్ వచ్చిన సహోద్యోగులు, తెలిసినవాళ్ల పిల్లలు చాలామంది వాళ్ల మెయిళ్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. వచ్చేసరికే ఎక్కువమంది రాజీనామా చేసేసి ఉన్నారు. అప్పుడిక చేయగలిగింది చాలా తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను. ఇదంతా చదివే ఓపిక ఇప్పుడు లేకపోతే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: మీ రాజీనామా కంపెనీకి డబ్బు మిగిల్చే కాగితం. భయపడి దాన్ని ఊరికే ఇచ్చేయకండి.

కంపెనీకి మీ రాజీనామా ఎందుకు కావాలి

కంపెనీయే ఉద్యోగిని తీసేస్తే కారణం చూపాలి, నోటీసు ఇవ్వాలి, చాలా సందర్భాల్లో పరిహారం కట్టాలి. ఒకేసారి వందల మందిని తీసేస్తే పేపర్లో వస్తుంది, క్లయింట్లు అడుగుతారు. అదే ఉద్యోగి తనంతట తాను వెళ్లిపోతే లెక్కల్లో అది మామూలు అట్రిషన్. పరిహారం లేదు, వార్త లేదు, కేసు లేదు. పిప్‌ను దుర్వినియోగం చేసే కంపెనీలు కోరుకునేది ఇదే. ముప్పై రోజులు మనిషిని నలిపితే తనే విసిగిపోయి వెళ్లిపోతాడని వాళ్ల లెక్క.

ఇది కొత్తదేమీ కాదు. 1980లలో జనరల్ ఎలక్ట్రిక్ అధిపతి జాక్ వెల్చ్ ఉద్యోగులను 20, 70, 10 శాతాలుగా విడగొట్టి, ఏటా అడుగున ఉన్న 10 శాతాన్ని పంపించే పద్ధతికి పేరు తెచ్చారు. మన దగ్గర ఎంతమందికి ఏ రేటింగ్ ఇవ్వాలో శాతాలుగా ముందే తేల్చే బెల్ కర్వ్ అనేది దాని రూపమే. ఇలాంటి ర్యాంకింగే మైక్రోసాఫ్ట్‌లోనూ ఉండేది. 2013 నవంబర్‌లో ఆ కంపెనీ దాన్ని వదిలేసింది. కానీ టీమ్‌లో ఎవరో ఒకరు అడుగున ఉండి తీరాలనే ఆలోచన ఇప్పటికీ చాలా చోట్ల పోలేదు. 2025 జనవరిలో మెటా, పనితీరు తక్కువగా ఉన్న సుమారు 5 శాతం మందిని పంపిస్తున్నట్టు ప్రకటించింది. తమకు అంతకుముందు మంచి రేటింగులే వచ్చాయని వాళ్లలో కొందరు బయటికి వచ్చి చెప్పారు.

మన దేశంలో అందరికీ గుర్తుండేది 2017 జూలైలో బయటికొచ్చిన ఆడియో. టెక్ మహీంద్రాలో హెచ్‌ఆర్ ఉద్యోగి ఒకరు ఒక ఇంజినీరుకు ఫోన్ చేసి, మర్నాడు ఉదయం పదిలోపు రాజీనామా చేయకపోతే తీసేస్తామని చెప్పిన సంభాషణ అది. ఆనంద్ మహీంద్రా బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆ ఇంజినీరు దగ్గర ఆడియో ఉంది కాబట్టి అది లోకానికి తెలిసింది. అలాంటి ఫోన్లు అందుకుని ఏ ఆధారమూ లేక ఊరుకున్నవాళ్లు ఇంకెందరో ఉంటారు.

మొదటి అడుగు: మీకొచ్చింది ఎలాంటి పిప్పో తేల్చుకోండి

ప్రతి పిప్పూ బయటికి నెట్టడానికే అనుకోకూడదు. నిజంగా సరిదిద్దుకోవడానికి అవకాశం ఇచ్చే మేనేజర్లూ ఉన్నారు. పిప్ దాటి తర్వాత ప్రమోషన్ తెచ్చుకున్నవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. అందుకని కోపంతోనో ఏడుపుతోనో కాకుండా, ఒక గంట కూర్చుని ఆ కాగితాన్ని కొత్త మనిషిలా చదవండి.

అన్నిటికంటే ముందు లక్ష్యాలు చూడండి. "నాలుగు వారాల్లో మీకు కేటాయించిన 12 టికెట్లు పూర్తి చేయాలి, రివ్యూలో తిరిగి వచ్చేవి రెండుకు మించకూడదు" అని ఉంటే అది కొలవగలిగిన లక్ష్యం. "ఓనర్‌షిప్ పెరగాలి", "స్టేక్‌హోల్డర్లకు నమ్మకం కలగాలి", "ప్రోయాక్టివ్‌గా ఉండాలి" అని ఉంటే మీరు ఎంత చేసినా కాలేదని చెప్పడానికి వీలు ఉంచుకున్నారన్నమాట. మీ చేతిలో లేని పని మీద లక్ష్యం పెట్టడం కూడా ఇలాంటిదే. నా పిప్‌లో ఒక మాడ్యూల్ ఆటోమేషన్ మూడు వారాల్లో ముగించాలని రాశారు. దానికి కావాల్సిన ఎన్విరాన్‌మెంట్ యాక్సెస్ మాత్రం 19వ రోజున ఇచ్చారు.

తర్వాత తేదీలు చూడండి. పిప్‌కు ముందు ఏం జరిగింది? మేనేజర్ మారారా, ప్రాజెక్టు ముగిసిందా, మీ జీతం టీమ్‌లో అందరికంటే ఎక్కువా? ప్రసూతి సెలవు నుంచి తిరిగి వచ్చారా, ఆపరేషన్ చేయించుకుని మెడికల్ లీవ్ పెట్టారా, ఎవరి మీదైనా ఫిర్యాదు ఇచ్చారా? వీటిలో ఏదైనా జరిగిన కొన్ని వారాలకే పిప్ వస్తే, ఆ రెండు తేదీలూ పక్కపక్కన రాసి పెట్టుకోండి. అన్నిటికీ మించిన గుర్తు ఇంకొకటి: మొదటి మీటింగులోనే "లేదంటే ఇప్పుడే రిజైన్ చేసేయొచ్చు, మంచిగా పంపిస్తాం" అని హెచ్‌ఆర్ అన్నారా? అలా అంటే వాళ్లకు కావాల్సింది మీ పనితీరు మెరుగుపడటం కాదు.

రెండో అడుగు: ఆ గదిలో ఏం మాట్లాడాలి

తక్కువ మాట్లాడండి. వాదించకండి, బతిమాలకండి, ఇంట్లో ఇబ్బందులు చెప్పుకోకండి. మీరు కంగారులో అన్న "అవును, ఈ మధ్య కొంచెం వెనకబడ్డాను" అనే మాట మీటింగు నోట్సులో "ఉద్యోగి లోపాన్ని అంగీకరించారు" అయి కూర్చుంటుంది.

చెప్పాల్సింది ఇంతే: "నేను దీన్ని జాగ్రత్తగా చదవాలి. డాక్యుమెంట్ మెయిల్‌లో పంపండి, రెండు రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇస్తాను." అక్కడే సంతకం పెట్టమని పట్టుబడితే, సంతకం పక్కన "అందుకున్నాను, ఇందులోని అభిప్రాయాలతో ఏకీభవించడం లేదు" అని మీ చేత్తో ఇంగ్లీషులో రాసి తేదీ వేయండి. పోర్టల్‌లో యాక్సెప్ట్ బటన్ నొక్కమంటే కామెంట్ పెట్టే చోట అదే రాయండి. కామెంట్ పెట్టే చోటే లేకపోతే నొక్కిన నిమిషానికే మెయిల్ పెట్టండి. పిప్ అందినట్టు సంతకం పెడితే మునిగిపోయేదేమీ లేదు. రాజీనామా లేఖ మాత్రం ఆ గదిలో రాయకూడదు.

మూడో అడుగు: కాగితాలు పోగు చేయండి

ఆ రాత్రే మొదలుపెట్టండి. కంపెనీ మీ లాగిన్ ఏ గంటలోనైనా ఆపేయగలదు. ఆ తర్వాత మీ సొంత పేస్లిప్ కోసం కూడా వాళ్లనే అడుక్కోవాలి.

ఆఫర్ లెటర్, అపాయింట్‌మెంట్ లెటర్, ఇంక్రిమెంట్ లెటర్లు, అన్ని ఏళ్ల రేటింగ్ లెటర్లు, పేస్లిప్పులు, ఫారం 16లు, సెలవుల బ్యాలెన్స్ కనిపించే పేజీ, మెడికల్ ఇన్సూరెన్స్ కార్డు, జాయినింగ్ బోనస్ లేదా బాండ్ కాగితాలు ఉంటే అవి కూడా దింపుకోండి. ఇవన్నీ మీకు సంబంధించిన పత్రాలు. క్లయింట్ కోడ్, డిజైన్ డాక్యుమెంట్లు, కస్టమర్ వివరాలున్న మెయిళ్లు మాత్రం సొంత జీమెయిల్‌కు పంపుకోవద్దు. ఈ తప్పు చేసినవాళ్లను చూశాను. అప్పటిదాకా పనితీరు పేరుతో నడిచిన వ్యవహారం డేటా చోరీ కేసుగా మారిపోయి, ఉన్న బలమంతా పోయింది. మెచ్చుకుంటూ వచ్చిన మెయిళ్లలో క్లయింట్ సమాచారం ఉంటే ఎవరు, ఏ తేదీన, ఏ విషయం మీద పంపారో ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. రేపు కేసు దాకా వెళ్తే, ఫలానా మెయిల్ బయటపెట్టమని కంపెనీనే అడగొచ్చు.

ఆ నోట్‌బుక్కు కంపెనీ ల్యాప్‌టాప్‌లో కాదు, ఇంట్లో ఉండాలి. రోజూ రాత్రి నాలుగు లైన్లు చాలు: ఏం పని చేశాను, ఎవరు ఏమన్నారు, ఏది అడిగితే రాలేదు. మేనేజర్‌తో జరిగే ప్రతి వారపు రివ్యూ తర్వాత గంటలోపు మెయిల్ పెట్టండి: "ఈ రోజు మనం మాట్లాడుకున్నవి ఇవి. మొదటి రెండు లక్ష్యాలు పూర్తయ్యాయని మీరు చెప్పారు. మూడోదానికి యాక్సెస్ ఇంకా రాలేదు. ఇందులో ఏదైనా పొరపాటు ఉంటే చెప్పండి." చాలాసార్లు జవాబు రాదు. రాకపోయినా ఆ మెయిల్ రికార్డులో ఉండిపోతుంది.

రికార్డింగ్ సంగతి చాలామంది అడుగుతారు. కంపెనీ పాలసీలో రికార్డింగ్ నిషేధం ఉంటే అదే సాకు కావచ్చు. పైగా ఫోన్‌లోని ఆడియోను కోర్టులో పెట్టాలంటే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అసలు ఫైలును చెరపకుండా ఉంచుకోవాలి. నా మాటగా అయితే, మెయిల్ మీదే ఎక్కువ ఆధారపడండి.

నాలుగో అడుగు: రాతపూర్వక జవాబు

రెండు మూడు రోజుల్లో పంపండి. ఒక పేజీ దాటకూడదు. నిందలు వద్దు, "మీరు నన్ను కావాలని టార్గెట్ చేస్తున్నారు" లాంటి మాటలు వద్దు. పిప్‌లోని ఒక్కో ఆరోపణ తీసుకుని దాని కింద తేదీతో వాస్తవం రాయండి. నేను రెండోసారి రాసింది ఇలా ఉంది (మొదటిసారి రాసినది ఆవేశంతో నాలుగు పేజీలు వచ్చింది, పంపలేదు):

"మార్చి రిలీజ్ నా వల్ల ఆలస్యమైందని ఇందులో ఉంది. ఆ రిలీజ్ తేదీని ఫిబ్రవరి 26న క్లయింటే మార్చారు, ఆ మెయిల్‌లో మీరూ ఉన్నారు. గత అప్రైజల్‌లో నా రేటింగ్ అంచనాలకు మించి అని ఉంది. ఆ తర్వాత ఈ ఐదు నెలల్లో నా పనిలో లోపం ఉందని రాతపూర్వకంగా ఎప్పుడూ చెప్పలేదు. రెండో లక్ష్యాన్ని ఎలా కొలుస్తారో, ఎవరు కొలుస్తారో తెలియజేయండి. మూడో లక్ష్యానికి ఫలానా యాక్సెస్ ఫలానా తేదీలోపు కావాలి. ఈ ప్లాన్ పూర్తి చేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను."

చివరి వాక్యం తప్పనిసరిగా ఉండాలి. మీరు పారిపోలేదని, సహకరించారని అదే చెబుతుంది. ఈ మెయిల్‌లో హెచ్‌ఆర్‌ను, మీ మేనేజర్ పైన ఉన్నవాళ్లను కూడా పెట్టండి.

ఐదో అడుగు: పని చేస్తూనే బయట వెతకండి

పిప్‌లో పెట్టిన పని నిజాయితీగా చేయండి. టైముకు లాగిన్ అవ్వండి, సెలవులు తగ్గించుకోండి, చెప్పకుండా మానేయకండి. పిప్ బాధతో వారం రోజులు ఆఫీసుకు వెళ్లకపోతే అబ్‌స్కాండింగ్, అంటే చెప్పకుండా పారిపోయారు, అని రాస్తారు. అది పనితీరు మచ్చ కంటే పెద్దది.

అదే సమయంలో మొదటి రోజు నుంచే నౌక్రీ, లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ బాగు చేసుకోండి, పాత టీమ్‌మేట్లకు ఫోన్ చేయండి. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు వచ్చే కాల్స్, ఖాళీగా ఉన్నవాళ్లకు వచ్చే కాల్స్ ఒకలా ఉండవు. పిప్ పూర్తయ్యే దాకా చూసి అప్పుడు వెతుకుదాం అనుకోవడం అందరూ చేసే తప్పు. నేనూ మూడు వారాలు అలాగే పోగొట్టుకున్నాను. ఇంటర్వ్యూలో ఎందుకు మారుతున్నారని అడిగితే పిప్ గురించి మీరే చెప్పాల్సిన అవసరం లేదు. ప్రాజెక్టు మారుతోంది, మరో రకం పని కోరుకుంటున్నాను అనేది నిజమైతే అదే చెప్పండి. కానీ తేదీలు, హోదా, జీతం విషయంలో అబద్ధం చెప్పకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పట్టుబడేవి అవే.

ఇంటి లెక్క కూడా ఈ వారంలోనే వేయండి. హోమ్ లోన్ ఈఎంఐ, స్కూలు ఫీజు, అమ్మానాన్నల మందులు ఎన్ని నెలలు నడుస్తాయో రాసుకోండి. కంపెనీ ఇన్సూరెన్స్ మీద ఆధారపడిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే సొంత పాలసీ కోసం ఇప్పుడే అడగడం మంచిది. కంపెనీ పాలసీ ఎక్కువగా ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుంది.

ఇంట్లో చెప్పండి. ఉద్యోగం పోయాక రెండు నెలలు రోజూ టిఫిన్ బాక్సు పట్టుకుని బయటికి వెళ్లి, సాయంత్రం దాకా మెట్రో స్టేషన్లలో గడిపి వచ్చిన మనిషి నాకు తెలుసు. భార్యకు చెప్పడానికి సిగ్గుపడ్డాడు. చెప్పిన రోజు ఆమె అన్న మొదటి మాట "ఇన్నాళ్లూ ఒక్కడివే ఎందుకు మోశావు?" అని. నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళలోనైనా.

ఆరో అడుగు: "రిజైన్ చేసేయండి" అన్న రోజు

ఇది పిప్ మధ్యలోనే రావచ్చు, చివర్లో రావచ్చు. మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక్కోదానికి ఏం చెప్పాలో ముందే అనుకుని ఉంటే తడబడరు.

"మేం టెర్మినేట్ చేస్తే మీ కెరీర్ పాడవుతుంది, మీ మంచికే చెబుతున్నాం" అంటారు. దానికి జవాబు: "మీ నిర్ణయం ఏదైనా కారణంతో సహా మెయిల్‌లో ఇవ్వండి. నేనుగా రాజీనామా చేయడం లేదు."

"రిలీవింగ్ లెటర్ ఇవ్వం" అంటారు. ఉద్యోగం నుంచి సక్రమంగా పంపించామని కంపెనీ ఇచ్చే లేఖ అది. ఎక్కువమంది లొంగిపోయేది ఈ మాటకే. ఆ లేఖ లేకపోవడం నిజంగా ఇబ్బందే, కాదనను. కానీ వాళ్లకు రాజీనామా కావాలి, మీకు ఆ లెటర్ కావాలి. అంటే ఇద్దరి దగ్గరా ఇచ్చిపుచ్చుకోవడానికి ఏదో ఒకటి ఉంది. అది బేరం, శిక్ష కాదు. పేస్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ ఖాతాలో నెలనెలా పడిన జమలు మీరు అక్కడ పని చేశారని ఎలాగూ నిరూపిస్తాయి.

"నాస్కామ్‌లో బ్లాక్‌లిస్ట్ చేయిస్తాం" అనేది పాత బెదిరింపు. నాస్కామ్ అంటే ఐటీ కంపెనీల సంఘం. దాని చొరవతో వచ్చిన నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ అనేది చదువు, ఉద్యోగ వివరాలను సరిచూసుకోవడానికి పెట్టిన రిజిస్ట్రీ. పిప్‌లో పడ్డవాళ్ల జాబితా కాదు.

"ఈ రోజు ఐదింటిలోపు చెప్పాలి" అంటే, నాకు ఆలోచించుకోవడానికి, లాయరుతో మాట్లాడటానికి వారం కావాలి అనండి. బాత్రూమ్‌కు వెళ్లాలని లేవండి, తలనొప్పిగా ఉందని లేవండి, ఎలాగోలా ఆ గదిలోంచి బయటికి రండి. బయటికి వచ్చాక ఒక మెయిల్: "ఈ రోజు మధ్యాహ్నం మూడింటి మీటింగులో నన్ను ఐదింటిలోపు రాజీనామా చేయమన్నారు. నాకు ఆ ఉద్దేశం లేదు. నా పని కొనసాగిస్తున్నాను." నాకు తెలిసి ఈ మూడు వాక్యాలంత పని చేసింది ఇంకేదీ లేదు. మర్నాటి నుంచి వాళ్ల గొంతు మారుతుంది.

ఒకవేళ అప్పటికే ఒత్తిడిలో పోర్టల్‌లో రిజైన్ నొక్కేసి ఉంటే? అదే రోజు, కుదరకపోతే మర్నాడు పొద్దునే, "ఫలానా మీటింగులో ఒత్తిడి చేయడం వల్ల ఇచ్చిన రాజీనామాను వెనక్కి తీసుకుంటున్నాను" అని రాయండి. రాజీనామా బలవంతంగా రాయించుకున్నారని తేలితే కోర్టులు దాన్ని తొలగింపుగానే చూస్తాయి. కానీ బలవంతం జరిగిందని నిరూపించాల్సింది మీరే. నెల తర్వాత రాసిన మెయిల్ కంటే ఆ రోజే రాసిన మెయిల్‌కు విలువ ఎక్కువ.

వెళ్లిపోవడమే మంచిదని మీకే అనిపించవచ్చు. ఆరోగ్యం పాడవుతుంటే, ఇంకో ఆఫర్ చేతిలో ఉంటే అది తప్పేమీ కాదు. అప్పుడు కూడా ఊరికే వెళ్లకండి. అడగాల్సినవి: నోటీస్ పీరియడ్ మొత్తానికి జీతం, దానిపైన సర్వీసును బట్టి రెండు మూడు నెలల జీతం, మిగిలిన సెలవుల డబ్బు, ఆ ఏడాది వేరియబుల్ పేలో మీ వాటా, జాయినింగ్ బోనస్ తిరిగి కట్టమనకపోవడం, పిప్ ఊసు లేని రిలీవింగ్, ఎక్స్‌పీరియన్స్ లెటర్లు, ఇన్సూరెన్స్ ఒకటి రెండు నెలల పొడిగింపు. ఇవన్నీ దొరకవు. అడిగినదాంట్లో సగం దొరికినవాళ్లను చూశాను, ఏమీ అడగకుండా దొరికినవాళ్లను చూడలేదు. ఒప్పుకున్నవన్నీ రాజీనామా కంటే ముందు రాతలో రావాలి. సెపరేషన్ అగ్రిమెంట్‌లో "ఇకపై ఏ క్లెయిమూ చేయను" అనే వాక్యం ఉంటుంది. దానికి ఎంత ఇస్తున్నారో చూసి సంతకం పెట్టండి.

ఏడో అడుగు: చట్టం మీకు ఎంతవరకు తోడుంటుంది

ఐటీ ఉద్యోగులకు కార్మిక చట్టాలు వర్తించవని మనలో చాలామంది నమ్మకం. హెచ్‌ఆర్ కూడా ఆ నమ్మకం చెరగనివ్వరు. అది నిజం కాదు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. దాని సెక్షన్ 47 ప్రకారం ఆరు నెలలు ఆపకుండా పని చేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయకూడదు, నెల నోటీసో నెల జీతమో ఇవ్వాలి. ఏడాది దాటినవాళ్లకు ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం కూడా ఉంది. దీని కింద తొలగింపు మీద అప్పీలు చేసుకోవడానికి కార్మిక శాఖలో అధికారి ఉంటారు.

రెండోది, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. రెండిట్లోనూ "రిట్రెంచ్‌మెంట్" అనే మాటకు అర్థం చాలా విశాలం: క్రమశిక్షణ చర్యగా వేసిన శిక్ష, తనంతట తాను వైదొలగడం లాంటి కొన్ని మినహాయింపులు పోగా, ఏ కారణంతో తీసేసినా రిట్రెంచ్‌మెంటే. పనితీరు బాగోలేదని తీసేయడం కూడా అందులోకే వస్తుంది. ఏడాది సర్వీసు నిండిన కార్మికుడికి నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల వేతనం ఇవ్వాలి. నెలకు 60,000 సగటు వేతనం, ఏడేళ్ల సర్వీసు అనుకుంటే సుమారు 2 లక్షల 10 వేల రూపాయలు. రాజీనామా లేఖ మీ చేత రాయించుకుంటే "తనంతట తాను" అనే మినహాయింపు వాళ్లకు దొరికిపోతుంది. ఆ లేఖ కోసం అంత తాపత్రయం ఇందుకే.

ఇక్కడ కంపెనీ చేసే వాదన: మీరు కార్మికుడు కాదు, మేనేజర్. కోర్టులు హోదా పేరు చూడవు, నిజంగా చేసిన పని చూస్తాయి. లీడ్, మేనేజర్ అని పేరున్నా రోజంతా కోడ్ రాస్తూ, టెస్టింగ్ చేస్తూ ఉంటే మీరు చేసేది సాంకేతిక పనే. మీ కింద మనుషులు ఉండి, వాళ్ల సెలవులు, రేటింగులు మీరే నిర్ణయిస్తుంటే మాత్రం మీ వాదన బలహీనపడుతుంది. 2015లో పనితీరు పేరుతో టీసీఎస్ తీసేసిన చెన్నై ఇంజినీరు ఒకరు లేబర్ కోర్టుకు వెళ్లారు. ఆయన మేనేజర్ స్థాయి ఉద్యోగి అని కంపెనీ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. ఆయన్ను జీతం బకాయిలతో సహా తిరిగి చేర్చుకోవాలని 2022లో తీర్పు ఇచ్చింది. గెలుపు గొప్పదే, కానీ ఏడేళ్లు పట్టింది. అందుకే నా అభిప్రాయం ఇది: ఎక్కువమందికి చట్టం కోర్టులో గెలవడం కంటే బేరంలో బలంగా కూర్చోవడానికి ఎక్కువ పనికొస్తుంది. "సెక్షన్ 47 కింద నాకు రావాల్సింది ఇది" అని ఒక్క వాక్యం రాయగలిగిన ఉద్యోగితో హెచ్‌ఆర్ వేరేగా మాట్లాడతారు.

ఫిర్యాదు ఇవ్వాలంటే మీ ఆఫీసు ఉన్న పరిధిలోని సహాయ కార్మిక కమిషనర్ దగ్గరికి వెళ్లండి. హైదరాబాద్‌లో కార్మిక శాఖ ప్రధాన కార్యాలయం ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉంది. తేదీల వారీగా రెండు పేజీల ఫిర్యాదు, దాని వెనక పిప్, మీ జవాబు, మీటింగు మెయిళ్లు జత చేస్తే చాలు. అధికారి రెండు పక్షాలనూ పిలుస్తారు. ఆ పిలుపు అందాకే చాలా కంపెనీలు రాజీకి వస్తాయి. రెండేళ్లు దాటిన వివాదాన్ని కొత్త కోడ్ కింద రాజీ అధికారి చేపట్టరు, కాబట్టి నాన్చకండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది, 15100కు ఫోన్ చేయొచ్చు. ప్రసూతి సెలవులో ఉండగా తీసేయడం చట్టవిరుద్ధం. లైంగిక వేధింపుల ఫిర్యాదు ఇచ్చాక పిప్ వస్తే ఆ విషయం అంతర్గత కమిటీకి వెంటనే రాయండి.

ప్రొబేషన్‌లో ఉన్న ఫ్రెషర్లకు, ఏడాది నిండనివాళ్లకు ఈ రక్షణ చాలా తక్కువ. వాళ్లు పోరాటం కంటే లెటర్లు, జీతం సక్రమంగా తెచ్చుకోవడం మీద దృష్టి పెట్టాలి.

అమెరికాలో హెచ్‌1బీ మీద ఉంటే

అక్కడ లెక్క వేరు. మోంటానా తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ కారణం చెప్పకుండానే తీసేయొచ్చు. వివక్ష, ప్రతీకారం లాంటివి ఉంటేనే చట్టం అడ్డొస్తుంది. మన పిల్లలకు అసలు భయం వీసా. ఉద్యోగం ఆగిన రోజు నుంచి 60 రోజులు, లేదా ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ముగిసే దాకా, ఏది ముందైతే అంతవరకే గడువు. ఆలోపు కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే స్టేటస్‌కు దరఖాస్తు చేయాలి, లేదా బయల్దేరాలి. కాబట్టి బేరంలో డబ్బు కంటే రోజులు అడగండి: ఒకేసారి సెవరెన్స్ (ఉద్యోగం నుంచి పంపేటప్పుడు ఇచ్చే పరిహారం) చెక్కు ఇచ్చేకంటే ఇంకో రెండు నెలలు ఉద్యోగిగా పేరోల్ మీద ఉంచమని. అలా ఉంచితే గడువు ఎప్పటి నుంచి మొదలవుతుందో సంతకానికి ముందే ఇమిగ్రేషన్ లాయరును అడగండి.

వీసా గడువు ముగియకముందే కంపెనీ తీసేస్తే ఇండియాకు తిరిగి వచ్చే ఖర్చు అదే భరించాలి. మీరే రాజీనామా చేస్తే ఆ బాధ్యత దానికి ఉండదు. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం వచ్చి 180 రోజులు దాటితే కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా ఆ ఆమోదం రద్దు కాదు. 170వ రోజున ఉన్నవాళ్లు ఆ పది రోజుల కోసమైనా గట్టిగా బేరమాడాలి. 40 ఏళ్లు దాటినవాళ్లకు వయసు వివక్ష హక్కులు వదులుకునే సెవరెన్స్ కాగితం ఇస్తే, ఆలోచించుకోవడానికి కనీసం 21 రోజులు, సంతకం చేశాక వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు చట్టమే ఇస్తుంది. "ఇప్పుడే సంతకం పెట్టు" అంటే ఈ సంగతి గుర్తుచేయండి.

బయటికి వచ్చాక మొదటి నెల

వేతనాల కోడ్ అమల్లోకి వచ్చాక, తీసేసినా రాజీనామా చేసినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. 45 రోజులు పడుతుందన్న పాత మాట చెబితే ఆ కోడ్ పేరు పెట్టి మెయిల్ రాయండి. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ మీ హక్కు, రాజీనామా చేసినా, పనితీరు పేరుతో తీసేసినా. ల్యాప్‌టాప్ ఇచ్చినప్పుడు రసీదు తీసుకోండి. పీఎఫ్ వివరాలుండే యూఏఎన్ పోర్టల్‌లో మీ ఎగ్జిట్ డేట్ పడిందా, సరిగ్గా పడిందా చూసుకోండి. అది తప్పుగా ఉంటే కొత్త కంపెనీ వెరిఫికేషన్‌లో, పీఎఫ్ బదిలీలో రెండింటిలోనూ ఇరుక్కుంటారు.

నా విషయంలో రిజైన్ చేయమన్న ఆ మీటింగు పిప్ 26వ రోజున జరిగింది. నేను ఆ మూడు వాక్యాల మెయిల్ పెట్టాను. పదకొండు రోజుల తర్వాత నోటీసు జీతం, దానిపైన మూడు నెలల జీతం, శుభ్రమైన రిలీవింగ్ లెటర్ ఇచ్చారు. నాతోపాటు అదే వారం పిప్‌లో పడ్డ మరో నలుగురు మొదటి రోజే రాజీనామా చేశారు. వాళ్లకు నోటీసు జీతం కూడా పూర్తిగా రాలేదు.